పన్నెండు నీళ్లు

"ఇంకా ఎన్ని నీళ్లు కడుగుతావు గాజులమ్మా?" అంది శాస్త్రవేత్త, గడియారం చూసుకుంటూ.

"ఇంకో మూడేనమ్మా. పన్నెండూ అయితే ఇచ్చేస్తా."

వేలిగోరంత గాజు బిళ్లలవి. మెదడు కణాలు పెరగాల్సింది వాటిమీదే. బియ్యానికి రెండు నీళ్లతో సరిపెట్టే లోకంలో ఈవిడ గాజుకు పన్నెండు నీళ్లు పోస్తుంది. అందుకే ల్యాబులో అందరూ గాజులమ్మ అనేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు. హాజరు పుస్తకంలో రోజూ సంతకం పెట్టేది గానీ, తోక మెలిక తిరిగిన ఆ గీతల్ని చదవగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

"కాస్త సబ్బు మిగిలితే ఏం కొంప మునుగుతుంది?"

"వాటికి పడదమ్మా. పెద్ద ప్రొఫెసర్‌గారు చెప్పారు."

పెద్ద ప్రొఫెసర్‌గారు పోయి ఆరేళ్లు. గాజులమ్మను పనిలో పెట్టింది ఆయనే. తొమ్మిదో నంబరు కణాల్ని శాస్త్రవేత్తకు అప్పగించిందీ ఆయనే.

కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు కణాలు పుట్టినచోటే కూర్చోవు. నడుచుకుంటూ వెళ్లి తమ చోటు చేరతాయి. ఒక పాపకు అవి సగం దారిలో ఆగిపోయాయి. ఆ పాప మూడేళ్లు బతికింది, ఒక్క అడుగూ వేయలేదు. ఆమె చర్మం నుంచి ల్యాబులో తయారుచేసిన మెదడు కణాలే తొమ్మిదో నంబరు. వాటిని నడిపించే మందు కోసం శాస్త్రవేత్త పదకొండేళ్లుగా తంటాలు పడుతోంది.

రోజూ ఇంటికెళ్లేముందు గాజులమ్మ తలుపు దగ్గర నిలబడి ఒకటే అడిగేది.

"ఇవాళ నడిచాయా అమ్మా?"

"నడిస్తే నీకే ముందు చెప్తాలే. వీధి చివరిదాకా సాగనంపి వద్దువుగాని."

అందరూ నవ్వేవాళ్లు. గాజులమ్మా నవ్వేది.

ఒక మంగళవారం నిజంగానే నడిచాయి. ల్యాబంతా గంతులే గంతులు. గాజులమ్మ మాత్రం మూలన నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైంది?"

"కంట్లో సబ్బు పడిందమ్మా. ఒక్కసారి నేనూ చూడొచ్చా?"

"తర్వాత చూద్దువుగాని. ఇంకో రెండుసార్లు నడిపించి చూపిస్తేగానీ లోకం నమ్మదు. ముందు బిళ్లలు కడుగు."

ఆ నెలలోనే బిళ్లలు కడిగే యంత్రం వచ్చింది. గాజులమ్మ అవసరం లేదని రాసిన కాగితం మీద శాస్త్రవేత్తే సంతకం పెట్టింది. వెళ్లేరోజు గాజులమ్మ యంత్రం ముందు కాసేపు నిలబడింది.

"ఇది ఎన్ని నీళ్లు కడుగుతుందమ్మా?"

"మూడు."

గాజులమ్మ యంత్రం మూతను ఒకసారి తడిమింది.

"వాటిని జాగ్రత్తగా చూసుకోండమ్మా," అని వెళ్లిపోయింది.

రెండో వారం నుంచి కణాలు గాజుమీద నిలవలేదు. పట్టు వదిలి తేలిపోయి చనిపోయేవి. శాస్త్రవేత్త వాటికి పెట్టే తిండిని అనుమానించింది, వెచ్చటి పెట్టెను అనుమానించింది, చివరికి తన చేతుల్నే అనుమానించింది. తళతళలాడే గాజుమీదకు మాత్రం మనసు పోలేదు. మంచులో దాచిన తొమ్మిదో నంబరు కణాల సీసాలు ఒక్కొక్కటే అయిపోయాయి. ఆఖరిదీ పోయాక, ఒక బిళ్లను కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూసింది.

సన్నటి సబ్బు పొర.

"గాజులమ్మను తీసుకురా," అని అటెండరును పరుగెత్తించింది.

అటెండరు ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఆవిడ పోయి నెల దాటిందట మేడమ్. పని పోయాక మంచం దిగలేదట. చూడ్డానికి వెళ్లినవాళ్లని, నడిచాయా అని అడిగేదట. ఎవరికీ అర్థం కాలేదట."

శాస్త్రవేత్తకు ఆ మంగళవారం గుర్తొచ్చింది. ఒక్క నిమిషం, ఒక్కసారి చూడనిస్తే తన సొమ్మేం పోయేది? కుర్చీలో కూలబడి చాలాసేపు ఏడ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని లేచింది. ఇంకొక్క దారి ఉంది. ఆ పాప చర్మం ముక్క ఒకటి ఇంకా ఆసుపత్రిలో భద్రంగా ఉంది. తల్లి మళ్లీ ఒప్పుకుంటేనే ఇస్తారు. ఆ తల్లి ఎక్కడున్నా సరే వెతికి, కాళ్లు పట్టుకునైనా ఒప్పించాలి.

పెద్ద ప్రొఫెసర్‌గారి బీరువా తెరిచి, దుమ్ము దులిపి, తొమ్మిదో నంబరు ఫైలు తీసింది.

ఒప్పుకోలు కాగితం అడుగున, 'పాప తల్లి' అన్నచోట, తోక మెలిక తిరిగిన ఆ సంతకం ఉంది.