మూల గది జవాబు

మా సత్రంలో తెల్లారగానే పెద్ద తలుపు తీసే ముందు, ఎవరి సరుకు వాళ్ళకి భద్రంగా ఉందా అని అడగాలి. ప్రతి గదిలోంచీ "భద్రం" అని వినబడితేనే తాళం తీస్తాం. మా ఆయన పోయాక ఆ తాళంచెవి నా నడుముకే ఉంది.

ఇవాళ అందరూ పలికారు. నేను తీయలేదు.

"చెప్పాం కదమ్మా! ఎండెక్కితే ఈ ఇసుకలో ఒంటెల్ని నువ్వు మోస్తావా?" అన్నాడు బిడారు పెద్ద ఎల్మురాద్. ఈ దారికి కొత్త.

"మూల గది చెప్పలేదు నాయనా."

"అందులో ఎవరున్నారని?"

"నా కొడుకు తుర్సున్."

పోయిన చలికాలం వాడు జ్వరంతో ఆ గదిలోనే కన్నుమూశాడని ఒంటెలవాళ్ళు అతని చెవిలో చెప్పారు. రోజూ ఎవరో ఒకరు అందులోకి వెళ్ళి, వాడి బదులు ఆ మాట అని వస్తారు. అది వాడి గొంతు కాదని నాకూ తెలుసు. అయినా వింటేనే నా చెయ్యి తాళం మీదికి లేస్తుంది.

ఎల్మురాద్ సణుక్కుంటూ వెళ్ళాడు. లోపలినుంచి "భద్రమే అమ్మా" అని వినబడింది. తలుపు తీశాను. ఒంటెలు కదిలాయి.

అతను రాగానే చెయ్యి పట్టుకున్నాను. "చల్లగా ఉండు నాయనా. అచ్చం వాడిలాగే అన్నావు."

అతను మూల గది వైపే చూస్తూ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేనింకా నోరు తెరవనేలేదమ్మా."

అందరూ బయటికి పరుగెత్తారు. నేను మూల గదిలోకి పరుగెత్తాను.