ఆకుపచ్చ గౌను పిల్ల

"ఆపమ్మా! దాని గొంతు వింటుంటే నాకు కడుపు మండిపోతోంది."

రోండా ఫోను నొక్కి పాట ఆపింది. డేటన్ ఊళ్ళో చర్చి కింది హాలు. థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన మర్నాడు. గోడకి నీలం దుప్పటి కట్టి, దాని ముందు కూతురు డెలానీని నిలబెట్టి పొద్దుటి నుంచీ వీడియో తీస్తోంది. తొమ్మిదిసార్లయింది. తొమ్మిదిసార్లూ పై స్వరం దగ్గర గొంతు చీలిపోయింది.

అతుకులు పెట్టకూడదు, శ్రుతి దిద్దకూడదు, ఏకబిగిన తీసిందే పంపాలి. కాలేజీ వాళ్ళ షరతు అది. వీడియో నచ్చితే ఫిబ్రవరిలో షికాగో పిలిచి ఎదురుగా నిలబెట్టి పాడిస్తారు. మ్యూజికల్ థియేటర్ కోర్సు, అంటే పాటల నాటకాల చదువు, మొత్తం ఇరవై సీట్లు. డెలానీకి ఏడో ఏటి నుంచీ వేరే కలే లేదు. గడువు ఇవాళ సాయంత్రం ఐదింటికి.

ఫోనులోని ఆ ఆకుపచ్చ గౌను పిల్ల మాత్రం సెప్టెంబరులో ఇదే పాట, ఇదే దుప్పటి ముందు, మొదటిసారికే పాడి పారేసింది. పై స్వరం మీదెక్కి కూర్చుని కాళ్ళూపుకుంది, మహాతల్లి!

"ఎంత నిర్లక్ష్యమో చూడు దానికి," అంది డెలానీ. "ఆ గొంతేదో తన పేర రాసిచ్చినట్టు! రేపుంటుందో లేదో అన్న బెంగే లేదు. ఆ నవ్వు చూస్తే పళ్ళు రాలగొట్టాలనిపిస్తోంది."

"దాన్నెందుకే ఆడిపోసుకుంటావు? పాపం, దానికేం తెలుసు?"

"నువ్వెప్పుడూ దాని పక్షమే. అంట్లు తోముకుంటూ దాని పాటే వింటావు. నేను రాగానే టక్కున ఆపేస్తావు. నాకు తెలీదనుకున్నావా?"

రోండా ఫోను బోర్లించి బల్ల మీద పెట్టింది. నిజమే మరి.

పియానో ముందు కూర్చున్న మిస్ ప్రూయిట్ చిన్నగా దగ్గింది. డెలానీకి పాట నేర్పేది ఆవిడే. సెప్టెంబరులో వాయించిందీ ఆవిడే.

"శ్రుతి రెండు మెట్లు దించి పాడదాం, డెలానీ. ఆ పై స్వరం ఆ పిల్లకే వదిలెయ్."

"దించితే అది గెలిచినట్టే."

"ఇది పందెం కాదు తల్లీ."

"ఎందుక్కాదు? ఆ రోజు ఆ పాటకి మీరు ఏడ్చారు, సంతోషంతో. ఇవాళ నేను పాడుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు."

మిస్ ప్రూయిట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. డెలానీ స్వెటరు మెడ పైకి లాక్కుని, చేసేదిలేక తలూపింది.

పదోసారి. దించి పాడింది. కాస్త గరగరలాడింది, బొంగురుపోయింది. కానీ ఎక్కడా చీలలేదు. ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది.

నాలుగున్నరకి డెలానీ మంచినీళ్ళు తాగొచ్చేసరికి రోండా లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెర మీద ఆకుపచ్చ గౌను.

"అమ్మా! దాన్ని పంపిస్తున్నావా?"

"ముందు పిలుపు రానీవే. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం."

"పిలుపొచ్చేది దానికి. షికాగో వెళ్ళి వాళ్ళ ముందు నిలబడాల్సింది నేను. అప్పుడు దాన్నెక్కణ్ణుంచి పట్టుకురాను?"

"ఇరవై సీట్లేనే, డెలానీ..." అంది రోండా.

డెలానీ తల్లి చేతికింది నుంచి మౌసు లాక్కుంది. ఆకుపచ్చ గౌనుని తీసేసి తన పదో వీడియో పెట్టింది. పంపేసింది.

"నన్ను వద్దంటే వద్దనుకోనీ, పడతాను. దాని కోసం పిలిచి, నన్ను చూసి మొహం చిట్లించారంటే మాత్రం నేను తట్టుకోలేను."

కోటు తగిలించుకుని విసవిసా కారు దగ్గరికి వెళ్ళిపోయింది. మిస్ ప్రూయిట్ పియానో మూత వేసి ఆమె వెనకే నడిచింది.

రోండా ఒక్కతే కూర్చుని ఆ పాత వీడియో మళ్ళీ మొదటి నుంచీ పెట్టుకుంది: గొంతు ఆపరేషన్‌కి ఇంకా పదకొండు రోజులుందనగా, ఆకుపచ్చ గౌనులో తన కూతురు కెమెరాకేసి చూసి "నా పేరు డెలానీ బ్రాంట్" అని నవ్వింది.