పచ్చి గీతలు

"ఈ గీతలు ముళ్లపంది పనే మావయ్యా. ఇక చాలు, లెక్క ఫారం మడిచేద్దాం," అంటూ గార్డు చెట్టు మొదట్లో కూలబడింది.

ఆ అడవి ముక్కకు ఆమె గార్డు. ఆమె మేనమామ అక్కడే ముప్పై ఏళ్లుగా వాచరు. ఇంట్లో ఆయన మాటే చెల్లుతుంది, అడవిలో ఆయన చెప్పినదాని కింద సంతకం ఆమెది. ఈ ఇరకాటంతోనే ఎలుగుబంట్ల లెక్కకోసం ఇద్దరూ పన్నెండు రోజులుగా కాళ్లరిగేలా తిరుగుతున్నారు. ఇవాళ సాయంత్రంలోగా ఒక్క ఎలుగు ఆనవాలైనా దొరక్కపోతే ఇక్కడ కాపలా ఎత్తేస్తారు. ఆయన్ను కలప డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. అలా కూర్చోబెడితే మనిషి ఎన్నాళ్లో ఉండడని ఆమె భయం.

"ముళ్లపంది కింద కొరుకుతుంది. ఇవి నా తలకు పైనున్నాయి. చెట్టెక్కిన ముళ్లపందిని నువ్వెప్పుడైనా చూశావా?"

"పోనీ చిరుత."

"చిరుతకి నాలుగు గోళ్లే పడతాయి. లెక్కపెట్టుకో."

ఐదున్నాయి. అయినా ఆమెకు ఆశ పుట్టలేదు. పోయినేడూ ఐదే ఉన్నాయి. అవి ఏనాటి గీతలోనంటూ ఆఫీసులో ఫొటోలు చూసి నవ్వారు. ఆ మంట ఆమెకింకా తగ్గలేదు.

"ఎలుగులు లేవుగానీ, కడుపులో ఎలకలు మాత్రం పరుగెడుతున్నాయి," అంది నీరసంగా.

తీగలల్లుకుని చిక్కగా ఉన్న కొమ్మల్లోంచి బెరడు పొట్టు ఫారం మీద రాలింది. ఆమె విసుగ్గా దులిపింది.

"ఈ కోతులకి వేరే పని లేదు."

ఆయన గీతలో వేలు పెట్టి ఆమె ముందు చాపాడు. వేలికి జిగురు అంటి ఉంది.

"పచ్చిగా ఉంది. ఇవాళ్టిదే. ఇప్పుడు నవ్వమను వాళ్లని."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమే, కానీ లేచి నిలబడే ఓపిక కూడా మిగల్లేదు.

"నువ్వు రాసుకో. నా వల్ల కాదు," అని ఆయన చెట్టుకు జారబడి కళ్లు మూసుకున్నాడు.

"గోళ్లు ఐదు. ఎత్తు ఏడడుగులు. ఎక్కిన గీతలు?"

"పొట్టిగా, లోతుగా ఉన్నాయిగా, అవే. ఉన్నాయని రాయి."

"దిగినవి?"

"దిగేటప్పుడు జారుతుంది కాబట్టి మూరెడేసి పొడుగుంటాయి. అన్నీ నన్నే అడిగితే ఎలాగమ్మా? చుట్టూ తిరిగి చూసుకో."

ఆమె మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంకోసారి తిరిగింది. వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమని రాశావు?" అన్నాడాయన కళ్లు తెరవకుండానే.

"చప్పుడు చెయ్యకుండా లే మావయ్యా," అంది గొంతు బాగా తగ్గించి.

దిగిన గీత ఒక్కటీ లేదు.