ఏడో బాక్సు

హాల్లో లైటు నాలుగు రోజులుగా కొట్టుకుంటోంది.

గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. భుజాన సంచి. సంచిలోంచి స్క్రూడ్రైవరు పిడి బయటికి కనబడుతోంది.

"అమ్మా, కరెంటు పని..."

"రండి రండి. మావారితో ఫోన్లో పొద్దున్నే వస్తానన్న మనిషి పదకొండింటికా రావడం?" అంది ఇల్లాలు.

ఆయన ఏదో చెప్పబోయి మానుకున్నాడు. లోపలికొచ్చి మెయిన్ బోర్డు తలుపు తెరిచాడు. తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"ఇల్లు కట్టినప్పుడు కరెంటు ఇన్‌స్పెక్టరు ఇచ్చిందండీ. అటక కూడా చూశానని రాసిచ్చాడు. ఆ భరోసాతోనే ముప్పై ఏళ్లుగా మేం పైకి తొంగి చూడలేదు."

"నిచ్చెన ఉందా అమ్మా?"

"లైటు హాల్లో కదండీ?"

"జబ్బు అటక మీద ఉంటుంది."

అటక మీద, వైర్లు కలిసే జంక్షన్ బాక్సులు ఏడున్నాయి. ఒక్కటీ దూలానికి బిగించి లేదు. ఏడూ తమ వైర్లకే వేలాడుతున్నాయి. హాలు మీదున్న బాక్సును ఆయన కర్రతో కదిపాడు. కింద లైటు కొట్టుకుంది.

ఆయన దిగి మెయిన్ ఆపి, మళ్లీ ఎక్కాడు. రెండు దూలాల మధ్య అడ్డంగా చెక్క కొట్టాడు. చెక్కకు బాక్సును స్క్రూలతో పట్టించాడు. బాక్సుకు జానెడు ఇవతల వైరుకు క్లిప్పు వేశాడు. మూత బిగించి, దాని మీద పెన్సిలుతో తేదీ వేసి సంతకం చేశాడు. రెండో బాక్సు దగ్గరికి పాకాడు.

కింద గదిలో మంచం పట్టిన అత్తగారు అరిచింది. "ఏమే, పైన ఎలుకలా, మనిషా? నా నెత్తిన దుమ్ము రాలుతోంది!"

"మనిషేనత్తయ్యా."

"అయితే చెప్పు, నేనింకా పోలేదు, మట్టి పోయొద్దని."

రెండింటికి ఇంటాయన భోజనానికొచ్చాడు. ఫ్యాను లేదు. తల్లి చెమటతో తడిసి ఉంది.

"దిగండి ముందు!"

ముసలాయన దిగి మెయిన్ వేశాడు. హాల్లో లైటు నిలకడగా వెలిగింది.

"ఆరయ్యాయి సార్. ఇంకొకటుంది, పెద్దావిడ గది మీద. అరగంట చాలు."

"లైటు వెలిగిందిగా?"

"వెలిగితే సరిపోదు సార్. ఆ బాక్సు..."

"మూడు గంటలు కరెంటు తీసేశారు. మంచం దిగలేని మనిషండీ ఆవిడ. ఇక చాలు."

"అయితే ఆ గదికి కరెంటు పెట్టకండి."

"నా ఇంట్లో ఏ గదికి పెట్టాలో మీరు చెబుతారా?"

ముసలాయన సంచి సర్దుకున్నాడు. బోర్డు దగ్గర ఒక్క నిమిషం ఆగి, వెళ్లిపోయాడు.

"ఏరా, నా ఫ్యాను ఆగిపోయింది!" అంది తల్లి.

కొడుకు బోర్డు తెరిచాడు. ఆ గది ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. గేటు దాకా పరిగెత్తాడు. ముసలాయన వీధి మలుపులో ఉన్నాడు.

"ఒరేయ్ దొంగా! మళ్లీ ఈ గుమ్మం తొక్కావంటే పోలీసులకి పట్టిస్తా!"

ఆయన వెనక్కి తిరగలేదు.

"నన్నొదిలేసి ఫ్యూజెత్తుకుపోయాడా? తెలివైనవాడే," అంది తల్లి.

ఇంటాయన ఎలక్ట్రీషియనుకు ఫోను చేశాడు. "మీ ముసలాయన ఫ్యూజు పీక్కుపోయాడయ్యా!"

"ముసలాయనేంటి సార్? నేనింకా బయల్దేరనేలేదు."

నాలుగింటికి ఎలక్ట్రీషియను వచ్చాడు.

"ఫ్యూజు పెట్టు, చాలు."

"ఊరికే ఎవరూ పీకరు సార్. ఒకసారి చూడనీయండి."

పైకెక్కాడు. కాసేపటికి ఇంటాయన్నీ రమ్మన్నాడు.

"ఈ ఆరూ లాగి చూడండి, కదలవు. నిజం చెప్పాలంటే నేనే ఇంత ఓపిగ్గా బిగించను."

టార్చి ఏడో బాక్సు మీదికి తిప్పాడు. బరువుకి వైరు జారి, అతుకు వదులైంది. వైరు తొడుగు కరిగింది. పక్కన దూలం అరచేతి మేర బొగ్గయింది.

"ఫ్యాను ఇంకో పూట తిరిగుంటే అంటుకునేది. దీని కిందేనా పెద్దావిడ మంచం?"

ఇంటాయన తలూపాడు.

"ఎవరయ్యా ఆయన?"

"తెలీదు సార్. ఈ వీధిలోనే మరో మూడిళ్లలో ఇదే పని చూశాను. పేరడిగితే చెప్పలేదట."

ఇంటాయన టార్చి తీసుకుని మూతలు చూశాడు. ఆరింటి మీదా ఒకే సంతకం. చివర తోక వెనక్కి తిరిగి, కింద రెండు చుక్కలు.

దిగి వీధిలోకెళ్లాడు. రెండు మలుపులూ తిరిగి, ఒక్కడే వచ్చాడు.

"దొరికాడా దొంగ?" అంది తల్లి.

ఆయన వెళ్లి ఎలక్ట్రీషియనుకు నిచ్చెన పట్టుకున్నాడు.

చీకటి పడేలోగా ఎలక్ట్రీషియను కాలిన వైరు మార్చి, ఏడో బాక్సు బిగించాడు. కొత్త ఫ్యూజు పెట్టడానికి ఇంటాయన బోర్డు తలుపు తెరిచి, టార్చి వేశాడు.

'అటకతో సహా ఇల్లంతా నేనే స్వయంగా పరీక్షించాను' అని ముప్పై ఏళ్ల కిందట రాసిన వాక్యం కింద, తోక వెనక్కి తిరిగి, రెండు చుక్కలతో, అదే సంతకం ఉంది.