అంచులో మూడు నీలాలు

“వందలోంచి ఏడు తీసేస్తే ఎంతండీ?”

ఆసుపత్రి మంచం మీద లాల్ బాషా తెల్లమొహం వేశాడు.

“గుండె ఒక్క క్షణం ఆపకుండానే బైపాస్ చేశాం. అయినా మెదడు చురుగ్గా ఉందో లేదో చూడాలి కదమ్మా” అన్నాడు డాక్టరు, అతని భార్య మహబూబ్ బీతో.

“ఆయనకి లెక్కలు ఎప్పుడూ రావండీ! మాది తివాచీల పని. ఆయన రంగులు చెబుతారు, నేను ముడులు వేస్తాను. అవి అడగండి.” ఆగలేక తనే మొగుడి మీదికి వంగింది. “ఏవండీ, మన అంచు! రెండు ఎరుపు, ఒకటి తెలుపు, రెండు నీలం...”

“మూడు నీలం!” గయ్యిమన్నాడు లాల్ బాషా. “మూడు నీలం, ఒకటి తెలుపు, మళ్ళీ రెండు ఎరుపు. ముప్పై ఏళ్ళుగా వేస్తున్నావు కదే!”

డాక్టరు పకపకా నవ్వాడు. “భలే పరీక్ష పెట్టారమ్మా! కావాలనే తప్పు చెప్పారు కదూ?”

మహబూబ్ బీ కూడా నవ్వబోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “లేదండీ. నిజంగానే మర్చిపోయాను.”

లాల్ బాషా ఆమె వేళ్ళు పట్టుకున్నాడు.

“డాక్టరుగారూ, నా గుండె ఆగలేదన్నారు కదా” అన్నాడు నవ్వుతూ. “ఆగింది ఈవిడదండీ. కాస్త చూడండి.”