వెనక బెంచీ మనిషి

“ఏయ్! నోరు మూస్కో!”

భూమేశ్ వెనక్కి తిరిగి కసిరాడు.

వెనక బెంచీ మనిషి తల దించుకున్నాడు. పేరు ఆదిశేషు. గోదావరి వైపు నుంచి హెల్పర్‌గా వచ్చి వారం కూడా కాలేదు.

“తప్పయిపోయిందండి. అలవాటండి.”

“సిన్మాల హీరో నోరు తెర్వకముందే నువ్వు తెరుస్తున్నవ్. గిదేం అలవాటు?”

“ఇంక అననండి.”

అబుదాబి శివార్లలో, ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో కార్మికుల క్యాంపు అది. సెలవు రోజు మధ్యాహ్నం మెస్ హాల్లో టీవీ పెడతారు. ఆ రోజు జపాన్ బొమ్మల సినిమా, తెలుగు మాటలతో నడుస్తోంది. మిగతావాళ్ళంతా కత్తియుద్ధాల కోసం చూస్తున్నారు. భూమేశ్ మాత్రం కూతురి కోసం చూస్తున్నాడు. ఫోన్‌ను టీవీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. వీడియో కాల్లో, మెట్‌పల్లి పక్క ఊళ్ళో కూర్చుని, సహస్ర కూడా అదే సినిమా చూస్తోంది.

సహస్ర చంటిపిల్లగా ఉన్నప్పుడే అతను గల్ఫ్ వచ్చేశాడు. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఒక్కసారి కూడా బాపూ అని పిలవలేదు. సెలవు మీద ఇంటికి వెళ్తే తలుపు చాటున నక్కేది. ఫోన్ చేతికిస్తే, “ఎవలతోనో నేనెందుకు మాట్లాడాలె?” అనేది. ఆ మాట విన్న రోజు భూమేశ్‌కు ముద్ద దిగలేదు.

చివరికి దారి చూపించింది జపాన్ వాళ్ళే. పోయిన ఏడాది అక్కడి నుంచి పేరున్న బొమ్మల సినిమాలు మూడు తెలుగులోకి వచ్చాయి. పిల్లకు అవంటే ప్రాణం. భూమేశ్ అందరినీ బతిమాలి వాటిని ఒక్కొక్కటే క్యాంపు టీవీలో పెట్టించాడు. మొదటిది సముద్రం మింగేసిన ఊరి కథ. అది చూస్తూ పిల్ల ఫోన్ దగ్గర కుదురుగా కూర్చుంది. రెండోది ఇనుప రాక్షసుల కథ. అది అయిపోయాక, “తిన్నవా?” అని అడిగింది. ఆ రాత్రి అతను నిద్రపోతే ఒట్టు.

ఇది మూడోది. ఇంత దూరం వచ్చిన పిల్ల ఆ ఒక్క పిలుపూ పిలవదా అని అతని ఆశ.

తెర మీద మంచులో తలలు తెగిపడుతున్నాయి. హాలంతా ఈలలు. కడుపులో కత్తి దిగి ఒరిగిపోయిన హీరో, దాన్నే పెరికి చేతపట్టుకుని లేచాడు.

“నా ఊపిరి ఉన్నంతవరకు ఈ గడప దాటలేవు!”

వెనక నుంచి కూడా అదే మాట. ఆదిశేషు ఒళ్ళు మరిచి ముందుకు వంగి, భూమేశ్ భుజం మీదుగా, సరిగ్గా ఫోన్ పక్కనే అరిచాడు.

ఫోన్ నల్లగా అయిపోయింది. కాల్ కట్.

పిల్ల అలిగి పెట్టేసిందనుకున్నాడు భూమేశ్. అసలే ముక్కు మీద కోపం. పైగా వాడు హీరో గొంతు తీసి మరీ వెక్కిరించాడనిపించింది.

“నీ యవ్వ! ఎక్కిరిస్తున్నవారా?”

మొదటి గుద్దు మూతి మీద పడింది. పన్ను ఊడింది. ఆదిశేషు చేతులు అడ్డం పెట్టుకున్నాడే గానీ ఎదురు తిరగలేదు. భూమేశ్ జుట్టు పట్టి ఈడ్చి నేలకేసి కొట్టాడు. గొడ్డును బాదినట్టు బాదాడు. బల్ల మీది స్టీలు జగ్గు అందుకుని మొహం మీద మోదాడు. నుదురు చిట్లి నెత్తురు కళ్ళల్లోకి కారింది.

“నా బిడ్డకు నాకు నడుమ మూతి పెడ్తవా?”

“వినండి... నేను...”

ఆ మాట పూర్తి కాలేదు. భూమేశ్ మోకాలు గొంతు మీద వేసి బలమంతా పెట్టి అదిమాడు. లోపల ఏదో పటుక్కుమంది.

బొమ్మల యుద్ధం చూస్తున్నవాళ్ళు ఇటు తిరిగి దీన్ని చూశారు. ఒకరిద్దరు ఈల కూడా వేశారు. ఆ నోళ్ళలో పురుగులు పడ!

“ఛోడో భాయ్, మర్ జాయేగా! ఖలాస్!”

మెస్ చూసుకునే సనావుల్లా పరుగెత్తుకొచ్చి భూమేశ్‌ను వెనక్కి లాగాడు. వంట వెంకట్రావు గరిటె పారేసి వచ్చి ఆదిశేషు తల ఒళ్ళోకి తీసుకున్నాడు. అతనిదీ ఆదిశేషుదీ ఒకే ఊరు.

సనావుల్లా అంబులెన్సును పిలుస్తుండగా భూమేశ్ ఫోన్ మోగింది, ఈసారి బొమ్మ లేని మామూలు కాల్. నెత్తుటి వేలితోనే ఎత్తాడు.

“బాపూ!”

భూమేశ్ రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ఉన్నచోటే కూర్చున్నాడు.

“బాపూ, నువ్వు అచ్చం హీరో లెక్కనే అన్నవ్! దోస్తులకు ఇనిపిద్దామని ఫోన్ కట్ చేసి ఉరికిన. మా బాపు గొంతు హీరో తీర్గనే ఉంటదంటే ఒక్కలు నమ్ముతలేరు. అందర్ని పిలుసుకచ్చిన. ఇంకొక్కసారి అను బాపూ!”

వెనక పిల్లల గోల వినిపిస్తోంది. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన పిలుపు వచ్చింది. అది ఎవరి గొంతుకు వచ్చిందో అతనికి అర్థమైంది.

ఫోన్‌ను అరచేత్తో మూసి, మోకాళ్ళ మీద దేక్కుంటూ ఆదిశేషు దగ్గరకు వెళ్ళాడు.

“అన్నా, నీ కాల్మొక్త. ఆ మాట ఒక్కసారి అను. నా బిడ్డ అడుగుతున్నది.”

ఆదిశేషు ఫోన్ వైపు చూశాడు. పాపం, అనడానికే నోరు తెరిచాడు. నెత్తుటి నురగ వచ్చింది గానీ మాట రాలేదు.

“ఏ గొంతుతో అంటాడయ్యా?” వెంకట్రావు తువ్వాలుతో ఆ నురగ తుడుస్తూ మెల్లగా అన్నాడు. “అక్కడ పని దొరక్క ఇక్కడికి ఇటుకలు మొయ్యడానికొచ్చాడు గానీ, ఆ మూడు సినిమాల్లోనూ హీరోకి తెలుగులో గొంతిచ్చింది వీడేనయ్యా.”