సహజంగా లేదు

“ఈ వేషానికి నాకు రిహార్సల్ అక్కర్లేదండి,” అంది కౌంటరమ్మ.

హెడ్‌క్లర్కుకు ఒళ్లు మండింది. కాలేజీ రోజుల నుంచీ నాటకాలు వేయిస్తున్న మనిషి. ఆటిజం అవగాహన వారమంటూ బీమా కంపెనీ పెద్దాఫీసు బ్రాంచీల మధ్య నాటికల పోటీ పెడితే, రాయడం, ఆడించడం రెండూ తన నెత్తినే వేసుకున్నాడు. ఇందుకోసం నాలుగు వీడియోలు కూడా చూశాడు. ఆటిజం ఉన్న అమ్మాయి ఎప్పుడెప్పుడు అరవాలో, తల గోడకెలా కొట్టుకోవాలో వరసగా రాసిచ్చాడు. ఆవిడేమో ఆ కాగితం మడిచి సొరుగులో పడేసింది.

అసలా వేషానికి ఆమెను ఏరుకున్నదీ అతనే. పదకొండేళ్లుగా ముందు కౌంటర్లో కూర్చుంటున్న మనిషి. తిట్టిపోద్దామని వచ్చిన పాలసీదారు కూడా ఆమె నవ్వు చూసి చల్లబడి వెళ్లేవాడు. పెద్దలకూ పిల్లలకూ, పొద్దున పదింటికీ సాయంత్రం ఐదింటికీ ఒకటే నవ్వు, తూచి ఇచ్చినట్టు. ఇంత కలుపుగోలు మనిషి ఎవరితోనూ కలవలేని పిల్లగా కనిపిస్తే జనం నోరెళ్లబెడతారని అతని ఎత్తు.

ఆమె ఊరికే ఒప్పుకోలేదు. వెనక రికార్డు గదిలో సీటు ఖాళీగా ఉంది. కిటికీ కూడా లేని గది, ఫైళ్లు తప్ప మనిషి అలికిడి ఉండదు. ఆ సీటు తనకిమ్మని మూడేళ్లుగా మేనేజరును బతిమాలుతోంది. నీ నవ్వును తీసుకెళ్లి ఆ దుమ్ములో పెట్టనా అంటూ ఆయన కొట్టిపారేస్తూ వచ్చాడు. ఈసారి మాత్రం, మొదటి బహుమతి తెస్తే ఆ గది నీదేనని అందరి ముందూ మాటిచ్చాడు. ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ముకొట్టుకుపోయిన గదికి ఇంత సంబరమేమిటో ఎవరికీ అర్థం కాలేదు.

పోటీ రోజు హాలు కిక్కిరిసింది. నాటికలో విందుకొచ్చిన చుట్టాలు ఆ అమ్మాయి చుట్టూ మూగి ప్రశ్న మీద ప్రశ్న వేస్తారు. అప్పుడు ఆమె అరవాలి. అరవలేదు. మూలకెళ్లి కుర్చీలో కూర్చుంది. మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగుతూ, రెండు చేతుల వేళ్లనూ గుండెల దగ్గర ఆడిస్తూ ఉండిపోయింది. ముఖాన నవ్వు లేదు. రోజంతా కరిచిన చెప్పులు విప్పేసినప్పటి తేలిక మాత్రం ఉంది.

నడుమ మైకు కీచుమంది. అది స్క్రిప్టులో లేదు. ఆమె చెవులు మూసుకుని మోకాళ్లలో తల దూర్చేసింది. జనం నవ్వారు. తెర పక్కన నిలబడ్డ హెడ్‌క్లర్కు నుదురు కొట్టుకున్నాడు.

న్యాయనిర్ణేత ఆటిజం మీద పుస్తకాలు రాసిన డాక్టరు. మర్యాదగానే చెప్పాడు.

“శ్రమపడ్డారమ్మా, కాదనను. కానీ సహజంగా లేదు. నేను అలాంటివాళ్లను పాతికేళ్లుగా చూస్తున్నాను. మీరు ఒక్కరినైనా దగ్గర్నుంచి చూసినట్టు లేరు.”

ఆమె ముఖం మీదికి కౌంటరు నవ్వు వచ్చేసింది. “నేర్చుకుంటానండి,” అంది.

మొదటి బహుమతి వేరే బ్రాంచి టైపిస్టుకు వెళ్లింది. ఆవిడ గోడకు తల కొట్టుకుని గుక్కపట్టి ఏడ్చింది మరి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో హెడ్‌క్లర్కు కౌంటరమ్మను కడిగిపారేశాడు. మైకు అలా అరిచింది కదండీ అని ఆమె నసిగితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస అన్నాడు. అప్పటికీ కడుపుమంట చల్లారలేదు.

“పదకొండేళ్ల నుంచి పక్కపక్కనే పనిచేస్తున్నాం. నీకు నటన ఇంత చేతకాదని తెలిస్తే ఈ వేషం ఇచ్చేవాణ్ణే కాదమ్మా.”

ఆమె దిగేదాకా కిటికీ చువ్వను వేలితో రుద్దుతూనే ఉంది.

సోమవారం రికార్డు గది సీటు కొత్తగా చేరిన గుమాస్తాకు ఇచ్చేశారు. కౌంటరు ముందు ఎప్పటిలాగే వరస. ఎప్పటిలాగే నవ్వు.

మధ్యాహ్నం ఆమె భోజనానికి లేచినప్పుడు హెడ్‌క్లర్కు జిగురు సీసా కోసం ఆమె సొరుగు లాగాడు. తను రాసిచ్చిన కాగితం మడత విప్పకుండా అలాగే పడి ఉంది. దాని కింద అంచులు నలిగిన నోటుబుక్కు, అట్ట మీద ‘నా వేషం’ అని. ఓహో, చాటుగా సాధన చేసిందన్నమాట, చేసీ ఇలా ఏడ్చింది అనుకుంటూ తెరిచాడు.

మొదటి పేజీలో, పదకొండేళ్ల కిందట ఆమె ఈ కౌంటర్లో చేరిన రోజు తేదీ వేసి, కింద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: “మనిషి రాగానే నవ్వాలి, లోపల మూడు లెక్కపెట్టి ఆపాలి, కళ్లలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడాలి, ఎంత హోరుగా ఉన్నా చెవులు మూసుకోకూడదు, ఊగకూడదు, వేళ్లు ఆడించకూడదు.”